మళ్లీ హోమ్ ప్లేట్ వెనక నిలబడాలంటే

ఉద్యోగం, పిల్లల మధ్య బేస్‌బాల్ అంపైరింగ్ వదిలేసి, ఇప్పుడు బెంగళూరులో మళ్లీ మొదలుపెడుతున్నారా? మ్యాచ్ ఒప్పుకునే ముందు పిచర్ల (బంతి విసిరేవాళ్ల) ప్రాక్టీస్‌కు వెళ్లండి. మాస్క్ పెట్టుకుని, క్యాచర్‌కూ బ్యాటర్‌కూ మధ్య కనిపించే సందులోంచి చూడండి. మీ గడ్డం క్యాచర్ తల కన్నా కిందికి దిగకూడదు. బంతి గ్లవ్‌లో పడేదాకా కళ్లతోనే వెంబడించండి, తల కదపొద్దు. పడ్డాక ఒక్క క్షణం ఆగి స్ట్రైకో కాదో చెప్పండి. టెన్షన్‌లో నోరు ముందే లేస్తుంది. ఆ తొందర తగ్గందే మా తమ్ముడినైనా మ్యాచ్‌కు పంపను. హోమ్ ప్లేట్ (బ్యాటర్ పక్కన నేల మీదుండే పలక) వెడల్పు 17 అంగుళాలే, కానీ స్ట్రైక్ జోన్ (ఆ పలక పైన, బ్యాటర్ మోకాళ్ల నుంచి ఛాతీ దాకా ఊహించుకునే చట్రం) అంచును బంతి కొద్దిగా తాకినా స్ట్రైకే.

రూల్స్ మళ్లీ చదవాలి. అమెరికా మేజర్ లీగ్‌లో 2023లో పిచ్ క్లాక్ (పిచర్ బంతి విసరడానికి గడువు చూపే గడియారం) వచ్చింది, బేస్‌లు (పరుగు తీసేవాళ్లు తాకాల్సిన చదరాలు) 15 నుంచి 18 అంగుళాలకు పెరిగాయి. టీవీలో చూసినవన్నీ ఇక్కడి టోర్నమెంట్లలో ఉండవు. ఏ రూల్‌బుక్‌తో ఆడిస్తున్నారో నిర్వాహకులను ముందే అడగండి.

అటక మీది చెస్ట్ ప్రొటెక్టర్‌ను నొక్కి చూడండి. ఫోమ్ పొడిగా రాలితే మొహమాటం లేకుండా పారేయండి. మాస్క్ పట్టీలు సాగిపోయినా మార్చాల్సిందే.

కోచ్ వాదనకొస్తే కన్నడలో నెమ్మదిగా నాలుగు మాటలు చెప్పండి. ఇక్కడ అది బాగా పనిచేస్తుంది.