కారు బ్యాటరీ మళ్లీ మళ్లీ దిగిపోతుంటే ఏం చేయాలి?

మా కారు సోమవారం ఉదయాలే మొరాయించేది. పద్నాలుగు నెలల్లో రెండు బ్యాటరీలు మార్చాను. రెండుసార్లూ దుకాణంలో టెస్టర్ పెట్టి చూసి "బ్యాటరీ పోయింది సార్" అన్నారు. అందులో అబద్ధమేమీ లేదు, నిజంగానే పోయింది. ఎందుకు పోయిందని మాత్రం వాళ్లూ అడగలేదు, నేనూ అడగలేదు. తీరా చూస్తే డిక్కీ మూసినా లోపలి చిన్న దీపం ఆరడం లేదు. అయిదు వాట్ల బల్బు సుమారు 0.4 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. అంటే రోజుకు 10 ఏహెచ్ (ఆంపియర్ అవర్, ఆంపియర్లను గంటలతో గుణించిన లెక్క). శుక్రవారం సాయంత్రం ఆపిన కారు సోమవారం పొద్దున తీసేసరికి అరవై గంటలు. 35 ఏహెచ్ బ్యాటరీలో పాతిక ఏహెచ్ దాకా ఖాళీ! మిగతా రోజుల్లో రాత్రి పోయింది పగలు తిరిగినప్పుడు నిండిపోయేది కాబట్టి సంగతి బయటపడలేదు.

బ్యాటరీ ఏడాదికోసారి చచ్చిపోతోందంటే నేరం చాలాసార్లు దానిది కాదు. కార్ల బ్యాటరీ క్షణకాలం పెద్ద కరెంటు ఇచ్చి, వెంటనే తిరిగి నిండడానికి తయారైంది. పదే పదే అడుగంటా ఖాళీ అయితే ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడి, ఎంత ఛార్జి చేసినా పట్టదు. అందుకే మూడో బ్యాటరీ కొనేముందు ఒక ఆదివారం కేటాయించండి. కొన్ని వందల రూపాయల డిజిటల్ మల్టీమీటర్, 10 నంబరు స్పానర్, వంట సోడా చాలు.

ముందు చెవి పెట్టి వినండి

తాళం తిప్పినప్పుడు వచ్చే చప్పుడే సగం చెబుతుంది. లైట్లు మసకబారి టకటకమని వరసగా కొట్టుకుంటే బ్యాటరీ దిగింది, లేదా టెర్మినల్ సరిగా అంటుకోవడం లేదు. లైట్లు ఏమాత్రం తగ్గకుండా ఒక్కసారి టక్‌మని ఊరుకుంటే సెల్ఫ్ మోటారును అనుమానించాలి. డ్యాష్‌బోర్డు మీద ఒక్క దీపమూ వెలగకపోతే టెర్మినల్ ఊడిందేమో, పెద్ద ఫ్యూజు పోయిందేమో చూడాలి. సెల్ఫ్ బాగా తిరుగుతున్నా ఇంజిను అందుకోకపోతే అది వేరే కథ, బ్యాటరీని వదిలేయండి.

టెర్మినళ్లు, ఎర్త్ తీగ

టెర్మినల్ క్లాంపును చేత్తో పట్టుకుని మెలితిప్పి చూడండి. కదిలిందంటే వదులుగా ఉన్నట్టే. తెల్లగానో నీలం ఆకుపచ్చగానో పొడి పేరుకుంటే శుభ్రం చేయాలి. ఇంజిను ఆపి, ముందు నెగటివ్ తీగ విప్పండి, తర్వాత పాజిటివ్. బిగించేటప్పుడు ముందు పాజిటివ్, చివర నెగటివ్. ఈ వరస తప్పితే స్పానర్ బాడీకి తగిలి నిప్పురవ్వలు లేస్తాయి. చేతికి ఉంగరం ఉంటే తీసేయండి. వేడినీళ్లలో వంట సోడా కలిపి పోస్తే పొడి బుసబుస పొంగి కరిగిపోతుంది. ఆ నీళ్లు బ్యాటరీ మూతల్లోకి దిగకుండా చూసుకోవాలి. ఆరాక గరుకు కాగితంతో రుద్ది, బిగించి, పైన పల్చగా వాజిలిన్ పూయండి.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. నెగటివ్ తీగ, అంటే ఎర్త్ తీగ, రెండో కొస కారు బాడీకి, ఇంజినుకు బిగించి ఉంటుంది. అక్కడ తుప్పు పట్టినా ఇదే జబ్బు. మీటరును డీసీ వోల్టుల్లో పెట్టి, ఒక కొనను బ్యాటరీ నెగటివ్ మీద, రెండోదాన్ని ఇంజినులో రంగు లేని లోహం మీద ఉంచి, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. 0.3 వోల్టులు దాటి చూపిస్తే ఎర్త్ తీగలో లోపం ఉంది.

బ్యాటరీలో ఎంత ఉంది?

రాత్రంతా ఆపి ఉంచిన కారును పొద్దున్నే కొలవండి. అప్పుడే తిరిగొచ్చిన కారులో అంకె ఎక్కువ చూపి మోసం చేస్తుంది. 12.6 వోల్టులు, అంతకు పైన ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పాతిక, 12.2 అంటే సగం, 12.0 అంటే పాతిక వంతు. సెల్ఫ్ కొడుతున్నప్పుడు ఈ అంకె కిందికి పోతుంది. 9.6 కంటే దిగజారితే, అదీ నిండుగా ఛార్జి చేసిన బ్యాటరీ అయితే, దానిలో సత్తువ అయిపోయినట్టే. ఖాళీ బ్యాటరీని పరీక్షించి పాడైందని తీర్పు చెప్పడం అన్యాయం. ముందు ఛార్జి చేయించి, తర్వాత దుకాణంలో లోడ్ టెస్ట్ (పెద్ద కరెంటు లాగి చూసే పరీక్ష) అడగండి.

మూతలు తెరిచే రకమైతే నీటి మట్టం చూడండి. తగ్గితే డిస్టిల్డ్ వాటరే పోయాలి. కుళాయి నీళ్లు వద్దు, యాసిడ్ అసలే వద్దు.

డైనమో నింపుతోందా?

మెకానిక్కులు డైనమో అని పిలిచేది ఆల్టర్నేటర్‌నే. ఇంజిను నడుస్తుండగా బ్యాటరీ మీద 13.8 నుంచి 14.5 వోల్టులు కనిపించాలి. హెడ్‌లైట్లు, ఏసీ వేసి మళ్లీ చూడండి. 13 కంటే దిగి క్రమంగా తగ్గుతుంటే బ్యాటరీ నిండడం లేదు. బెల్టు వదులైందా, డైనమో వెనుక తీగ ఊడిందా అని చూసి, అవి బాగుంటే ఆటో ఎలక్ట్రీషియన్‌కు అప్పగించండి. 15 దాటితే వోల్టేజిని అదుపులో ఉంచే రెగ్యులేటర్ పోయింది. బ్యాటరీ ఉడికిపోయి కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. ఆ కారును అలాగే నడపకండి. ఇటీవలి కార్లలో కంప్యూటర్ అవసరాన్ని బట్టి వోల్టేజిని పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. కాసేపు 12.8 చూపగానే కంగారుపడకుండా లైట్లు వేసి నాలుగైదు నిమిషాలు గమనించండి.

ఇంజిను నడుస్తుండగా బ్యాటరీ తీగ పీకి, ఆగిపోతుందా లేదా అని చూసే పాతకాలపు పరీక్ష ఇప్పటికీ కొందరు చేస్తారు. మీ కారు మీద చేయనివ్వకండి. ఆ క్షణంలో ఎగిసే వోల్టేజి డైనమోలోని డయోడ్లను (కరెంటును ఒకే దిశలో పోనిచ్చే భాగాలు), కంప్యూటర్‌ను కాల్చేయగలదు.

దొంగ కరెంటును పట్టుకోవడం

కారు ఆపేశాక కూడా గడియారం, అలారం, కంప్యూటర్ కొద్దిగా కరెంటు వాడుకుంటాయి. అది 0.02 నుంచి 0.05 ఆంపియర్ల వరకు మామూలే. అంతకు మించితే ఎవరో కాజేస్తున్నట్టు.

ఈ పరీక్షకు ఓపిక కావాలి. తాళం తీసేయండి. తాళం అవసరం లేని కారైతే రిమోట్‌ను ఇంట్లో దూరంగా పెట్టండి. ఫ్యూజు పెట్టె కారు లోపల ఉంటే ఆ వైపు కారు తలుపు తెరిచే ఉంచి, తలుపు గొళ్లేన్ని స్క్రూడ్రైవర్‌తో నొక్కండి. కారు తలుపు మూసుకుందనుకుంటుంది. (పని అయ్యాక హ్యాండిల్ లాగి ఆ గొళ్లేన్ని వదిలించాకే తలుపు మూయండి, లేదంటే అది విరుగుతుంది.) మీటరు ఎర్ర తీగను 10 ఆంపియర్ల రంధ్రంలో పెట్టి, బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి, ఆ తీగకూ టెర్మినల్‌కూ మధ్య మీటరును కలపండి. మొదట రెండు మూడు ఆంపియర్లు కనిపించవచ్చు. కారులోని కంప్యూటర్లు నిద్రపోవడానికి అరగంట, నలభై నిమిషాలు పడుతుంది. టీ తాగి రండి. మీటరు కలిపి ఉండగా సెల్ఫ్ కొట్టకూడదు, హెడ్‌లైట్లు వేయకూడదు.

అప్పటికీ 0.05 దాటి ఉంటే ఫ్యూజులు ఒక్కొక్కటిగా తీస్తూ అంకెను చూడండి. ఏ ఫ్యూజు తీసినప్పుడు అది ధడాలున పడిపోతుందో దొంగ ఆ దారిలోనే ఉన్నాడు. ఏది తీసినా తగ్గకపోతే డైనమోలో డయోడ్ లీకవుతుండవచ్చు. బయట బిగించిన సామాను ఇంకా పెద్ద అనుమానితుడు. డ్యాష్ కెమెరా, జీపీఎస్ ట్రాకర్, మార్చిన స్టీరియో, వీటి తీగను తాళంతో ఆగే చోట కాకుండా నేరుగా బ్యాటరీకి కలిపి వెళ్లిపోయే ఫిట్టర్లు తక్కువేమీ కాదు. పరీక్ష అవగానే ఎర్ర తీగను తిరిగి వోల్టుల రంధ్రంలోకి మార్చండి. మరచిపోయి అలాగే బ్యాటరీ వోల్టేజి కొలిస్తే షార్ట్ సర్క్యూట్ అయినట్టే.

డిక్కీ దీపానికి మీటరు కూడా అక్కర్లేదు. ఫోనులో వీడియో ఆన్ చేసి లోపల పెట్టి, మూసి, నిమిషం తర్వాత తీసి చూడండి. మా వీడియోలో స్టెప్నీ మీది దుమ్ము కూడా స్పష్టంగా కనిపించింది.

దొంగ దొరకకపోతే

అప్పుడు వాడకాన్ని చూడాలి. రోజూ రెండు కిలోమీటర్లు, ఏసీతో, సిగ్నళ్ల దగ్గర ఆగుతూ నడిస్తే సెల్ఫ్ తీసుకున్నది తిరిగి నిండదు. వారానికోసారి అరగంటయినా ఆపకుండా నడపండి. అమ్మానాన్నలు ఆరు నెలలు అమెరికా వెళితే, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కారు ఒంటరిగా ఉండిపోతుంది. వాచ్‌మన్‌తో వారానికి అయిదు నిమిషాలు స్టార్ట్ చేయించడం వల్ల లాభం కంటే నష్టమే ఎక్కువ. నెగటివ్ తీగ విప్పి వెళ్లమనండి. డిక్కీ, తలుపులు కరెంటుతో తెరుచుకునే రకమైతే లోహపు తాళంతో తలుపు తెరుచుకుంటోందో లేదో ముందే చూసుకోవాలి.

ఎండ సంగతి చెప్పనక్కర్లేదు. రెంటచింతల, రామగుండం వైపు వాళ్లకు తెలుసు. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆయుష్షు ఇంచుమించు సగమవుతుందని లెక్క. మన దగ్గర మూడు నాలుగేళ్లు వస్తే ఫిర్యాదు చేయడానికేమీ లేదు.

దారిలో ఆగిపోతే

జంపర్ తీగల వరస ఇది: ఎర్రది ముందు మీ బ్యాటరీ పాజిటివ్‌కు, రెండో కొస సాయం చేసే కారు పాజిటివ్‌కు. నల్లది ఆ కారు నెగటివ్‌కు, చివరి కొస మీ ఇంజినులోని రంగు లేని లోహానికి. బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వెలువడుతుంది కాబట్టి ఆఖరి నిప్పురవ్వ దానికి దూరంగా పడాలి. స్టార్టయ్యాక పావుగంట తిరిగితే సరిపోతుందనుకోవద్దు. పూర్తిగా దిగిన 35 ఏహెచ్ బ్యాటరీ 3.5 ఆంపియర్ల చొప్పున పది పన్నెండు గంటలు ఛార్జర్ మీద ఉండాలి. ఆ పని డైనమో మీద వేస్తే అదీ వేడెక్కి పాడవుతుంది.

కొత్తది కొనాల్సే వస్తే తయారీ తేదీ చూడండి, ఏహెచ్ తగ్గించకండి. సిగ్నల్ దగ్గర ఇంజిను తనంతట తానే ఆగే కారైతే పాతది ఈఎఫ్‌బీ రకమా, ఏజీఎం రకమా (రెండూ పదే పదే స్టార్ట్ చేయడాన్ని తట్టుకునే బ్యాటరీలు) చూసి మళ్లీ అదే వేయించాలి. బిగించిన మర్నాడు పొద్దున వోల్టేజి కొలిచి, తేదీతో సహా ఒక టేపు ముక్క మీద రాసి బానెట్ లోపల అంటించండి. మాది 12.64తో మొదలైంది. మొన్న సోమవారం 12.58 ఉంది.