ఆవ చేను నిండుగా కనిపించినా గింజ ఎందుకు తగ్గింది?

చేవెళ్ల దారిలో మాకున్న ఎకరం చెలకలో తొలిసారి ఆవాలు చల్లిన యాసంగిలో, రోడ్డు మీద పోయేవాళ్లంతా "చేను మస్తుంది" అన్నారు. పూత కూడా పచ్చగా విరగబూసింది. నూర్చాక గింజల కుప్ప చూసి ఇంట్లో ఎవరికీ మాట రాలేదు. విత్తనం మంచిది కాదేమో అనుకున్నాం, యూరియా తక్కువైందేమో అనుకున్నాం. పక్క పొలం పెద్దాయన మాత్రం ఒక్కటే అడిగాడు: "తమ్మీ, గజం జాగల ఎన్ని మొక్కలున్నయో లెక్కపెట్టినవా?"

లెక్కపెట్టలేదు. ఆవ చేనులో ఏ తేడా కనిపించినా ముందు చేయాల్సిన పని అదే. నాలుగు కర్రలతో మీటరు పొడవు, మీటరు వెడల్పు చట్రం కట్టండి. చేనులో ఐదారు చోట్ల పెట్టి మొక్కలు లెక్కించండి. సాలుకూ సాలుకూ 45 సెంటీమీటర్లు, మొక్కకూ మొక్కకూ 15 సెంటీమీటర్లు ఉంటే చట్రంలో సుమారు 15 మొక్కలుండాలి. 30, 10 దూరమైతే 33. రేప్‌సీడ్, అంటే కనోలా నూనె తీసే పంట, మన ఆవకు దగ్గరి చుట్టం. అంకెలు మారినా ఒత్తు, పలుచన తెచ్చే తిప్పలు రెండింటికీ ఒకటే.

సమస్య: ఒకచోట గుబురు, ఇంకోచోట ఖాళీ

మా చేను జబ్బు ఇదే. కారణం చేత్తో వెదజల్లడం. వెయ్యి ఆవగింజలు కలిపితే సుమారు 4 గ్రాములు. ఎకరానికి 2 కిలోలు చల్లితే 5 లక్షల గింజలు పడ్డట్టు. 45, 15 దూరంలో ఎకరాకు కావాల్సింది 60 వేల మొక్కలే. అంటే ఎనిమిది గింజలకు ఒక మొక్క నిలిస్తే చాలు. ఆ ఒక్కటి ఎక్కడ నిలుస్తుందనేదే అసలు సంగతి. పిడికిట్లోంచి జారే సన్న గింజ ఒకచోట కుప్పగా పడుతుంది, పక్కన రెండు జానల మేర ఏమీ పడదు. పైపైన పడ్డవి ఎండిపోతాయి, చీమల పాలవుతాయి. లోతుకు పోయినవి పైకి రాలేవు, ఎందుకంటే అంత చిన్న గింజలో మొలకకు దాచిపెట్టిన తిండి కొంచెమే. విత్తాక వాన పడి ఎండితే ఎర్ర చెలక మీద పెచ్చు కడుతుంది, దాని కింద మొలక వంకర పోతుంది.

పరిష్కారం సాళ్లలో విత్తడం. గొర్రుతోనైనా సరే, సీడ్ డ్రిల్‌తోనైనా సరే. గింజకు సన్న ఇసుక కలిపితే ధార సమంగా పడుతుంది. లోతు 2 నుంచి 3 సెంటీమీటర్లు దాటనివ్వకండి. సాలు ఉంటే దంతె తోలి కలుపు తీయొచ్చు, చల్లిన చేనులో ఆ వీలుండదు.

ఇప్పటికే చల్లేసి ఉంటే టెన్షన్ పడకండి. 15 నుంచి 20 రోజుల మధ్య, నేల తడిగా ఉన్నప్పుడు ఒత్తు మొక్కలు పీకేయండి. బలమైనది ఉంచండి, పక్కవి తీసేయండి. పచ్చని మొక్కలు పీకుతుంటే మనసొప్పదు, నాకూ ఒప్పలేదు. కానీ మరుసటి ఏడు మాకు తేడా చూపించింది ఆ రెండు రోజుల పనే. మందు పట్టించని విత్తనమైతే, చేను మీద ఏ మందూ కొట్టకపోతే, ఆ లేత ఆకు పప్పులోకి బాగుంటుంది. విత్తనానికి మందు పట్టించి ఉంటే మాత్రం నోట్లో పెట్టకండి.

సమస్య: మొక్క సన్నగా ఎదిగి, కొమ్మల్లేక గాలికి ఒరిగిపోతోంది

ఒత్తు ఎక్కువైంది. వెలుతురు కోసం మొక్కలు పోటీపడి పైకి పోతాయి, కాండం సన్నబడుతుంది, కింది ఆకులు ముందే పండిపోతాయి. కొమ్మలు రావాల్సిన చోట మొగ్గ విచ్చదు, కాయలు కొసకే పరిమితమవుతాయి. ఈ దశలో చేను పాలిపోయిందని యూరియా చల్లితే ఇంకా మెత్తబడి పడిపోతుంది. నెల దాటాక పీకినా పెద్దగా లాభం లేదు. వచ్చేసారి విత్తనం తగ్గించాలి.

సమస్య: పలుచగా ఉంది, కొమ్మలు బాగా వచ్చాయి, అయినా గింజ లేదు

ఆవ మొక్కకు ఓ మంచి గుణం ఉంది. జాగా దొరికితే కొమ్మలేసి పక్క మొక్క లేని లోటు కొంత పూడుస్తుంది. అయితే దానికీ హద్దుంది. పిల్ల కొమ్మల కాయలు ఆలస్యంగా పండుతాయి. వాటికోసం ఆగితే ముందు పండినవి పగిలి రాలతాయి, ఆగకపోతే తాలు గింజ వస్తుంది. నాలుగింట మూడొంతుల కాయలు పసుపు రంగుకు తిరగగానే, పొద్దున మంచు పదును మీద కోసేయండి.

ఇక్కడే ఇంకో పొరపాటు జరుగుతుంది. రాజేంద్రనగర్‌లో నూనెగింజల పరిశోధన సంస్థ ఉన్నా, ఆవాల కోసం ప్రత్యేకంగా ఉన్న కేంద్ర సంస్థ రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో ఉంది. అక్కడి చలి పొడుగు, మొక్క నిదానంగా కొమ్మలేసుకుంటుంది. మన హైదరాబాద్ చుట్టుపక్కల చలి తొందరగా పోతుంది. అక్కడి ఎడం దూరాలు చూసి మనం ఆలస్యంగా విత్తితే చేను బోసిపోతుంది. అక్టోబరులో విత్తితే 45 సెంటీమీటర్ల సాళ్లు సరే. నవంబరులోకి జారితే 30కి దగ్గర చేయండి. ఆలస్యమైన చేనుకు పేనుబంక పోరు కూడా ఎక్కువ, దానికి వేరే కాపలా కావాలి.

సమస్య: నారు పోసి నాటితే వారమైనా తేరుకోలేదు

చైనాలో యాంగ్జీ నది పక్కన వరి కోశాక రేప్‌సీడ్ నారు నాటడం పాత అలవాటు. కూలీలు దొరక్క అక్కడా నేరుగా విత్తడం పెరిగింది. బిహార్‌లో కొందరు రైతులు ఆవనారు ఎడంగా నాటుతున్నారు. నాటిన మొక్క వాడిపోతే, తల్లివేరు తెగిందనో మడతపడిందనో అనుకోవాలి, లేదా నారు ముదిరి ఉంటుంది. లేత నారు వేరుమట్టితో సహా తీసి, సాయంత్రం నాటి, వెంటనే తడి ఇవ్వండి. వరి కోత ఆలస్యమై మడి ఖాళీ కాని రైతుకు ఈ పద్ధతి రోజులు కలిసొచ్చేలా చేస్తుంది. ఖాళీగా ఉన్న చెలకలో అంత కూలి పెట్టడం దండగని నా అభిప్రాయం. గొర్రు చాలు, ఇరవయ్యో రోజులోపు చట్రం పట్టుకుని ఒకసారి చేనులోకి దిగండి.