పాత ట్రక్కుకు తుక్కు కారు ఫ్యాను

నా పాత ట్రక్కులో బెల్టుతో తిరిగే ఫ్యాను క్లచ్ (వేడిని బట్టి ఫ్యానును వేగంగా తిప్పే భాగం) అరిగిపోయి, బండి నిలబడి ఉన్నప్పుడల్లా ఉష్ణోగ్రత ముల్లు ఎర్ర గీత వైపు పాకుతుండడంతో, తుక్కుకు చేరిన ఒక కారు నుంచి తీసిన ఎలక్ట్రిక్ ఫ్యానును బిగించాలని నిర్ణయించుకున్నాను. ముందుగా రేడియేటరుకూ వాటర్ పంపు పుల్లీకీ మధ్య ఖాళీని కొలిచాను. మోటారు మందం అందులో ఇమడకపోతే మిగిలిన శ్రమంతా వృథాయే. ఫ్యానును దాని ప్లాస్టిక్ తొడుగుతో సహా తీసుకోవడం మంచిదైంది, ఎందుకంటే తొడుగు లేకపోతే గాలి రేడియేటరులో రెక్కలకు ఎదురుగా ఉన్న భాగం గుండానే ఎక్కువగా సాగుతుంది.

అసలు తిప్పలు వైరింగుతో వచ్చాయి. తొందరపడి సన్నని వైరుతో, డాష్‌బోర్డు స్విచ్చు ద్వారా నేరుగా కరెంటు ఇచ్చాను. పది నిమిషాల్లో ఆ స్విచ్చు ముట్టుకోలేనంత వేడెక్కింది. ఇలాంటి పెద్ద ఫ్యాను నడుస్తున్నప్పుడే 20 నుంచి 30 ఆంపియర్లు తీసుకోవచ్చు, మొదలయ్యే క్షణంలో అంతకన్నా చాలా ఎక్కువ. అందుచేత బ్యాటరీ నుంచి ఫ్యూజు, 40 ఆంపియర్ల రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపి, విడదీసే స్విచ్చు) మీదుగా 6 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేసి, ఎర్తును రంగు గీకిన ఛాసిస్ లోహానికి బిగించాను.

రిలేను నడిపేందుకు 95 డిగ్రీల వద్ద కలిసి 88 వద్ద విడిపోయే ఉష్ణోగ్రత స్విచ్చును ఎంచుకున్నాను. ఇంజిన్ నుంచి రేడియేటరుకు నీటిని వదిలే కవాటం, అంటే నా థర్మోస్టాట్, 82 వద్ద తెరుచుకుంటుంది. విడిపోయే ఉష్ణోగ్రత అంతకన్నా తక్కువైతే ఇంజిన్ వేడిగా ఉన్నంతసేపూ ఫ్యాను ఆగదు. చివరగా రేడియేటరు ముందు కాగితం పట్టుకుంటే అది ఎదురుగా ఎగిరిపోయింది. మోటారు వైర్లు రెండూ తారుమారు చేశానన్నమాట! వాటిని మార్చగానే కాగితం రేడియేటరుకు అతుక్కుంది.