మానిటర్ మారిందన్న కబురు సాఫ్ట్‌వేర్‌లో అందరికీ చేరాలంటే ఎలా రాయాలి?

భీమవరం పక్కన రొయ్యలు కొనే షెడ్డు ఒకదానికి నేను కాటా సాఫ్ట్‌వేర్ రాశానండి. కంప్యూటర్‌కి రెండు మానిటర్లు. ఒకటి గుమస్తా వైపు, బిల్లూ రైతు ఖాతా అందులో ఉంటాయి. రెండోది రైతు వైపు తిప్పి గోడకి బిగించాం, కాటా మీద ట్రే పెట్టగానే బరువు, కౌంటు, రేటు పెద్ద పెద్ద అంకెల్లో కనపడాలి. కౌంటు అంటే కేజీకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క, అది కాస్త అటూ ఇటూ అయినా రేటు మారిపోతుంది, అందుకే పట్టుబడి రోజు, అంటే చెరువులో రొయ్యలు పట్టి అమ్మే రోజు, రైతు కళ్ళు ఆ అంకెల మీదే ఉంటాయి.

ఒకరోజు పట్టుబడి మధ్యలో కరెంటు పోయింది. కంప్యూటర్ యూపీఎస్ మీద ఉంది, గోడ మానిటర్ లేదు. కాసేపటికి కరెంటొచ్చింది, గోడ మానిటర్ వెలిగింది, కానీ అందులో మా బరువు విండో లేదు, అది గుమస్తా స్క్రీన్ మీదకి వచ్చేసి బిల్లుకి అడ్డంగా ఉండిపోయింది. గుమస్తా దాన్ని పక్కకి జరిపేసి రాసుకుంటూ పోయాడు. రైతు ఒకాయన "ఏవండీ, తూకం చూపించకుండా రాసేసుకుంటే ఎలాగండీ" అని అడిగాడట. మూడు నెలలు చెరువు గట్టు మీద కాపలా కాసిన మనిషికి ఆ అనుమానం రావడం న్యాయమే, అది తెప్పించింది నా ప్రోగ్రామ్ అని నాకు చాలా బాధేసింది.

తీరా లాగ్ (ప్రోగ్రామ్ తను చేసింది రాసుకునే ఫైలు) తీసి చూస్తే, మానిటర్ మారిందన్న కబురు విండోస్ పంపింది, మా ప్రోగ్రామ్‌కి అందింది కూడా. లోపల ఆ కబురు వినాల్సిన కోడ్ ముక్కలు, అంటే లిజనర్లు, నాలుగుంటే రెండోదాని దగ్గర ఎర్రర్ వచ్చి అక్కడితో ఆగిపోయింది, బరువు విండో నాలుగోది. అంటే తప్పు వినేవాళ్ళది కాదు, కబురు మోసే కోడ్‌ది. ఆ కోడ్ రాయడమే ఇప్పుడు చెప్పుకుందాం. నాది సీ షార్ప్, మీది జావా అయినా, విండోలు రాసే క్యూటీ లైబ్రరీ అయినా పద్ధతి ఇదే.

ముందు కబురు ఎక్కడినుంచి వస్తుందో పట్టుకోండి

విండోస్‌లో రిజల్యూషన్ మారితే డబ్ల్యూఎం డిస్‌ప్లే ఛేంజ్ అనే మెసేజ్ పై స్థాయి విండోలన్నిటికీ వస్తుంది, కొత్త వెడల్పు, ఎత్తు, ఒక్కో పిక్సెల్‌కి ఎన్ని బిట్లు అన్నది దాంతోపాటే ఉంటుంది. కొంతమంది కబుర్లు వినడానికే కనపడని మెసేజ్ ఓన్లీ విండో ఒకటి పెట్టుకుంటారు, దానికి ఇలాంటి బ్రాడ్‌కాస్ట్ మెసేజ్‌లు రావు, ఇక్కడ చాలామంది ఒక పూటంతా పోగొట్టుకుంటారు. దాచిన మామూలు విండో పెట్టుకోండి.

స్కేలింగ్, అంటే స్క్రీన్ మీద అక్షరాలూ బొమ్మలూ ఎంత పెద్దగా కనపడాలన్నది, దాని సంగతి వేరు. 100 శాతం నుంచి 150 శాతానికి మార్చడం, లేదా విండోని ఒక మానిటర్ నుంచి వేరే స్కేల్ ఉన్న మానిటర్‌కి లాగడం, వీటికి డబ్ల్యూఎం డీపీఐ ఛేంజ్డ్ అని ఇంకో మెసేజ్ ఉంది, విండోస్ 8.1 నుంచి వచ్చింది, ఒక్కో మానిటర్ డీపీఐని (అంగుళానికి ఎన్ని చుక్కలు అన్న లెక్క) మేం చూసుకుంటాం అని చెప్పుకున్న ప్రోగ్రామ్‌కే వస్తుంది. 100 శాతం అంటే 96 డీపీఐ, 150 అంటే 144. విండో కొత్త సైజు ఎంత ఉంటే బాగుంటుందో కూడా ఆ మెసేజ్‌లోనే వస్తుంది, అది వాడుకోండి, మీరు గుణించుకుంటూ కూర్చోవద్దు.

సీ షార్ప్‌లో అయితే సిస్టమ్ ఈవెంట్స్ అనే క్లాస్‌లో డిస్‌ప్లే సెట్టింగ్స్ ఛేంజ్డ్ అని ఈవెంట్ రెడీగా ఉంది. దానికి ముందు వచ్చే ఛేంజింగ్ కూడా ఉంది. ఏటా ఎండాకాలం డెల్టా కాలవలు కట్టేసే ముందు మంచినీళ్ళ చెరువులు నింపుకోమని ఊళ్ళకి చెబుతారు కదా, అలా ముందు ఒక కబురు, తర్వాత ఒక కబురు. మాక్‌లో డిస్‌ప్లే రీకాన్ఫిగరేషన్ కాల్‌బ్యాక్ కూడా ఇలాగే మార్పుకి ముందోసారి, అయ్యాక ఇంకోసారి పిలుస్తుంది. క్యూటీలో స్క్రీన్ యాడెడ్, స్క్రీన్ రిమూవ్డ్ సిగ్నల్స్ ఉన్నాయి. లినక్స్ ఎక్స్ 11లో ర్యాండార్ ఎక్స్‌టెన్షన్ ఈవెంట్లు. జావాలో దీనికోసం ఉన్న లిజనర్ జావా తన లోపలి వాడకానికి పెట్టుకున్న సన్ ప్యాకేజీలో ఉంది, అది మనం ముట్టుకోకూడనిది, కాబట్టి జావాలో విండోలు రాసే స్వింగ్‌లోని టైమర్ పెట్టి రెండు సెకన్లకోసారి స్క్రీన్ల కొలతలు పాతవాటితో పోల్చుకోవడం సులువైన దారి. మొరటుగా ఉంటుంది గానీ పని చేస్తుంది.

ఎక్కడైనా సరే, సిస్టమ్ కబురు వినే చెవి ప్రోగ్రామ్ మొత్తానికి ఒక్కటే ఉండాలి. ప్రతి విండో వెళ్ళి సొంతంగా సిస్టమ్‌ని వినడం మొదలుపెడితే ఎవరు విన్నారో ఎవరు వినలేదో ఎప్పటికీ తేలదు. ఆ ఒక్క క్లాస్‌ని ఇక్కడ నోటిఫయర్ అందాం.

కబురులో ఏం రాయాలి

"ఏదో మారింది, వెళ్ళి చూసుకోండి" అని మాత్రం పంపకండి. అలా పంపితే ప్రతి లిజనర్ మళ్ళీ సిస్టమ్‌ని అడుగుతుంది, ఈలోపు ఇంకో మార్పు వస్తే ఒకరికి రెండు మానిటర్లు కనపడతాయి, ఇంకొకరికి ఒకటే. నోటిఫయరే ఒక్కసారి అడిగి అన్ని స్క్రీన్లు, వాటి స్థానాలు, కొలతలు, స్కేల్, ఏది ప్రధాన స్క్రీన్, అన్నీ ఒక ఆబ్జెక్ట్‌లో రాసి, దాన్ని తర్వాత ఎవరూ మార్చలేకుండా చేసి, పాతది కొత్తది రెండూ కలిపి పంపాలి. రెండూ ఉంటే "నా మానిటర్ పోయిందా, లేక తిరిగొచ్చిందా" అన్నది లిజనర్‌కి తెలుస్తుంది.

చేరడం, వెళ్ళిపోవడం

చేరే మెథడ్ అందరూ రాస్తారు, వెళ్ళిపోయే మెథడ్ కూడా రాస్తారు, దాన్ని పిలవడం మర్చిపోతారు. సిస్టమ్ ఈవెంట్స్‌లోవి స్టాటిక్ ఈవెంట్లు, ప్రోగ్రామ్ ఉన్నంతకాలం ఉంటాయి, మీ విండో మూసేసినా దాని హ్యాండ్లర్, అంటే ఈవెంట్ వస్తే నడిచే మెథడ్, అక్కడ తగిలే ఉంటే ఆ విండో మెమరీలోంచి కదలదు. మా షెడ్డులో రోజంతా ప్రోగ్రామ్ ఆపరు, బిల్లు విండో వందసార్లు తెరిచి మూస్తారు, ఆలోచించండి. విండో మూసేచోటే తీసేసే లైన్ రాయండి, చేర్చిన రోజే రాయండి.

వీక్ రిఫరెన్స్‌లతో లిస్ట్ పెట్టుకునే పద్ధతి ఒకటి ఉంది, జావా లోపల డిస్‌ప్లే మార్పులు చూసే కోడ్‌లో లిజనర్లని వీక్ హ్యాష్ మ్యాప్‌లోనే పెట్టారు. ఇంకెవరూ పట్టుకోని లిజనర్ దానంతటదే రాలిపోతుంది. మంచిదే, కానీ మీరు అక్కడికక్కడ ఒక చిన్న లిజనర్ ఆబ్జెక్ట్ తయారుచేసి దీనికిచ్చి మీ దగ్గర ఏ వేరియబుల్‌లోనూ ఉంచుకోకపోతే, వాడని మెమరీని ఊడ్చే గార్బేజ్ కలెక్టర్ తిరిగిన తర్వాత అది ఉండదు, కాసేపు పనిచేసి తర్వాత మానేసే తప్పుని వెతకడం చాలా కష్టం. నేనైతే మామూలు లిస్టూ, చేత్తో తీసేయడమే ఎంచుకుంటాను.

అసలు పని: అందరికీ చెప్పడం

మన ఊళ్ళల్లో పెళ్ళి పిలుపులు ఎలా జరుగుతాయో తలుచుకోండి. లిస్ట్ రాసుకుని బొట్టుపెట్టి పిలవడానికి బయల్దేరతాం. ఒక ఇంటికి తాళం వేసుంటే మిగతా ఇళ్ళు మానేసి వెనక్కి వచ్చేస్తామా? ఆ ఇల్లు గుర్తుపెట్టుకుని పక్కింటికి వెళ్తాం. మా ప్రోగ్రామ్ చేసింది మాత్రం తాళం చూసి వెనక్కి వచ్చేయడమే. అందుకని ఒక్కో లిజనర్‌ని పిలిచే లైన్ చుట్టూ విడివిడిగా ట్రై క్యాచ్ (ఎర్రర్ వస్తే పట్టుకునే కోడ్) పెట్టాలి, లూప్ మొత్తానికి బయట ఒకటి పెడితే ప్రయోజనం లేదు. క్యాచ్‌లో ఎర్రర్‌ని మింగేయకుండా ఏ లిజనర్ దగ్గర ఏమైందో లాగ్‌లో రాయండి. సీ షార్ప్ వాళ్ళు ఇంకోటి గుర్తుంచుకోవాలి, ఈవెంట్‌ని మామూలుగా పిలిస్తే ఒక హ్యాండ్లర్ ఎర్రర్ విసిరితే తర్వాతవి అసలు నడవవు, కాబట్టి గెట్ ఇన్వొకేషన్ లిస్ట్‌తో ఒక్కొక్కటీ బయటికి తీసి పిలవాలి.

రెండో సంగతి, పిలుపులకి వెళ్ళేటప్పుడు చేతిలో ఉన్నది కాపీ అయుండాలి. మనం తిరుగుతుంటే ఇంట్లో మామ్మగారు అసలు లిస్ట్‌లో పేర్లు కొట్టేస్తూ కలుపుతూ ఉండొచ్చు. కోడ్‌లో ఇది నిజంగా జరుగుతుంది, మానిటర్ పోయిందని వినగానే ఆ మానిటర్ మీదున్న విండో తనని తాను మూసుకుని లిస్ట్‌లోంచి తప్పుకుంటుంది, లూప్ తిరుగుతున్న లిస్ట్‌నే మార్చింది కాబట్టి ఎర్రర్, లేదంటే ఒక లిజనర్‌ని దాటేసి వెళ్ళిపోవడం. మా దగ్గర రెండో లిజనర్ చేసింది అచ్చంగా ఇదే. జావా లోపలి కోడ్‌లో కూడా ఇందుకే ముందు లిజనర్ల సెట్‌ని కాపీ తీసుకుని ఆ కాపీ మీద తిరుగుతారు. మీరు జావాలో రాస్తుంటే కాపీ ఆన్ రైట్ అర్రే లిస్ట్ అని ఉంది, చేరేవాళ్ళూ పోయేవాళ్ళూ తక్కువ, చెప్పడాలు ఎక్కువ ఉన్నచోట అది సరిగ్గా సరిపోతుంది.

మూడోది లాక్, అంటే లిస్ట్‌ని ఒకసారికి ఒక్క థ్రెడ్డే ముట్టుకునేలా వేసే తాళం. థ్రెడ్ అంటే ప్రోగ్రామ్‌లో పక్కపక్కనే నడిచే పనుల్లో ఒకటి. కాపీ తీసుకునేంతసేపే లాక్ పట్టుకోండి, వదిలేశాకే లిజనర్లని పిలవండి. లాక్ పట్టుకునే పిలిచారనుకోండి, ఆ లిజనర్ ఇంకో థ్రెడ్ కోసం ఆగితే, ఆ థ్రెడ్ మీ లాక్ కోసం ఆగితే, కాలవ లాకుల్లో రెండు గేట్లూ దించేసి మధ్యలో పడవని వదిలేసినట్టే, ఎటూ కదలదు.

మొత్తం కోడ్ తెలుగులో రాస్తే ఇంతే:

లాక్ పట్టుకో, లిజనర్ల కాపీ తీసుకో, లాక్ వదిలేయ్.
కాపీలో ప్రతి లిజనర్‌కీ: ట్రై, కబురు ఆబ్జెక్ట్ ఇచ్చి పిలువు, ఎర్రర్ వస్తే లాగ్‌లో రాసి తర్వాతదానికి వెళ్ళు.

వరస మీద ఆశ పెట్టుకోకండి. స్వింగ్‌లో అలవాటైన పద్ధతిలో అయితే ఆఖర్న చేరిన లిజనర్‌కే ముందు చెబుతారు. "ముందు బిల్లు విండోకి తెలిసి తర్వాత బరువు విండోకి తెలియాలి" అన్న అవసరం మీకుంటే ఆ రెండు పనులూ ఒకే లిజనర్‌లో పెట్టుకోండి.

థ్రెడ్, ఇంకా కాస్త ఓపిక

కబురు ఏ థ్రెడ్ మీద వచ్చిందో ఊహించుకోవద్దు. స్క్రీన్ మీద దేన్ని కదపాలన్నా విండోలు నడిపే యూఐ థ్రెడ్ మీదే చేయాలి, దానికి స్వింగ్‌లో ఇన్వోక్ లేటర్, సీ షార్ప్ విన్‌ఫార్మ్స్‌లో బిగిన్ ఇన్వోక్ ఉన్నాయి. నోటిఫయరే ఆ థ్రెడ్‌కి మార్చి చెబితే లిజనర్ రాసేవాళ్ళకి ఆ బెంగ ఉండదు.

ఇక ఓపిక ఎందుకంటే, ఒక్క కేబుల్ పీకితే ఒక్క ఈవెంటే వస్తుందని లేదు, మానిటర్ పోవడం, రిజల్యూషన్ సర్దుకోవడం, ప్రధాన స్క్రీన్ మారడం, వరసగా రెండు మూడు వస్తాయి. మొదటిదానికే విండోలు జరిపేస్తే కళ్ళముందే అటూ ఇటూ గెంతుతాయి. ఈవెంట్ రాగానే ఒక టైమర్ మొదలుపెట్టి, మళ్ళీ వస్తే టైమర్‌ని మొదటికి తెచ్చి, అర సెకను నిశ్శబ్దంగా ఉన్నాక అప్పుడు స్క్రీన్లు లెక్కపెట్టి ఒక్కసారే చెప్పండి. లెక్కపెట్టాక పాతదీ కొత్తదీ ఒకటే అయితే చెప్పనే అక్కర్లేదు.

విన్నవాళ్ళు ఏం చేయాలి

మా బరువు విండో ఇప్పుడు ఇలా చేస్తుంది: గోడ మానిటర్ పోతే గుమస్తా స్క్రీన్‌లో ఒక మూలకి చిన్నగా వస్తుంది, పైన "రైతు వైపు స్క్రీన్ లేదు" అని ఎర్రగా కనపడుతుంది, ఆ మాట ఉన్నంతసేపు బిల్లు ప్రింట్ అవ్వదు. ఇది షెడ్డు ఓనర్‌తో కూర్చుని మాట్లాడి పెట్టిన రూలు, ఆయన వెంటనే ఒప్పుకున్నారు. మానిటర్ తిరిగొస్తే విండో దాని చోటికి అదే వెళ్ళిపోతుంది.

విండో పాత స్థానం గుర్తుపెట్టుకుని తిరిగి పెట్టేటప్పుడు ఆ చోటు ఇప్పుడున్న ఏదో ఒక స్క్రీన్ లోపల పడుతుందో లేదో చూడండి, పడకపోతే ప్రధాన స్క్రీన్‌కి తెచ్చేయండి. ఇక్కడో పొరపాటు చాలా కోడ్‌లో చూశాను, ఎక్స్ (విండో అడ్డంగా ఎక్కడుందో చెప్పే అంకె) సున్నా కన్నా తక్కువైతే అది తప్పు స్థానం అని సున్నా చేసేస్తారు. రెండో మానిటర్ ప్రధాన మానిటర్‌కి ఎడం వైపు ఉంటే దాని మీద ఎక్స్‌లన్నీ మైనస్‌లోనే ఉంటాయి, అది సరైన స్థానమే.

పరీక్ష

విండోస్ బటన్ పట్టుకుని పీ నొక్కి, డూప్లికేట్, ఎక్స్‌టెండ్ మార్చి మార్చి చూడండి. స్కేల్ 125కి మార్చండి. కేబుల్ పీకండి, మానిటర్ స్విచ్ ఆపండి, ఈ రెండూ ఒకటి కాదు, డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ ఉన్న చాలా మానిటర్లని స్విచ్ ఆపినా కంప్యూటర్ పీకేసినట్టే అనుకుంటుంది, పాత వీజీఏ కేబుల్ అయితే చాలాసార్లు తెలియనే తెలియదు. తర్వాత కావాలని ఎర్రర్ విసిరే లిజనర్ ఒకటి, వినగానే లిస్ట్‌లోంచి తప్పుకునే లిజనర్ ఒకటి రాసి లిస్ట్ మొదట్లో పెట్టి, ఆఖరిదాకా అందరికీ కబురు అందిందో లేదో లాగ్‌లో చూడండి.

ఇవన్నీ ఇంట్లో అయ్యాక పట్టుబడి లేని రోజు చూసుకుని షెడ్డుకే వెళ్ళి, కాటా మీద ట్రే పెట్టించి, గోడ మానిటర్ ప్లగ్గు పీకి, నిమిషం ఆగి మళ్ళీ పెట్టండి. నేను పదిసార్లు అలా చేశాను, పదిసార్లూ బరువు రైతు నిలబడే వైపే వచ్చింది.