ఎక్స్‌రే డిఫ్రాక్షన్ ఫిల్ములను తక్కువ ఖర్చులో స్కాన్ చేయడం ఎలా?

1954లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా కొలాజెన్ అనే ప్రోటీన్ నిర్మాణం ప్రతిపాదించిన రోజుల్లో డిఫ్రాక్షన్ (పదార్థంలో పడిన ఎక్స్‌రేలు చెదిరి ఏర్పరచే రేఖలు, మచ్చల నమూనా) అంటే ఫిల్మే. చెన్నైలో మీ ల్యాబు బీరువాలోనూ పాత ఫిల్ముల కవర్లు ఉంటే, వాటికోసం ఫిల్ము నలుపును కొలిచే ఖరీదైన డెన్సిటోమీటర్ కొననక్కర్లేదు.

మామూలు ఆఫీసు స్కానర్ మాత్రం పనికిరాదు. మూతలోనూ లైటు ఉన్న ఫ్లాట్‌బెడ్ కావాలి, ఎప్సన్ వి600 లాంటిది. చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో సెకండ్‌హ్యాండ్‌ది దొరికితే మూత లైటు వెలుగుతోందో లేదో అక్కడే చూసుకోండి. ఈ మోడల్లో లైటు పడే జాగా సన్నం. చిన్న డెబై-షెరర్ పట్టీ (పొడి నమూనా చుట్టూ గుండ్రటి కెమెరాలో చుట్టి పెట్టే సన్నటి ఫిల్ము) పడుతుంది. పెద్ద కెమెరా పట్టీని కొంత భాగం రెండిట్లోనూ వచ్చేలా రెండుసార్లు స్కాన్ చేయాలి.

ఫిల్మును అంచులతో పట్టుకుని బ్లోయర్‌తో దుమ్ము ఊదండి. తడిగుడ్డ వద్దు, పైపూత జెలటిన్. పక్కన పారదర్శకమైన స్కేలు పెట్టండి. గాజు పైభాగంలో స్కానర్ తనను తాను సరిచూసుకునే చోటును మూసేయకండి.

అసలు సంగతి సెట్టింగుల్లో ఉంది. పాజిటివ్ ఫిల్మ్, 16 బిట్ గ్రే, 600 డీపీఐ, టిఫ్ ఫైలు. షార్పెనింగ్, ఆటో ఎక్స్‌పోజర్, దుమ్ము తొలగింపు, అన్నీ ఆపేయండి. బొమ్మ అందంగా రావాలని సాఫ్ట్‌వేర్ చేసే ప్రతి సాయమూ కొలతను చెడగొడుతుంది. దుమ్ము తొలగింపైతే మసక మచ్చలనూ దుమ్మనుకుని తుడిచేయగలదు. 600 డీపీఐలో ఒక పిక్సెల్ 0.042 మి.మీ.; 114.6 మి.మీ. వ్యాసమున్న కెమెరాలో 1 మి.మీ. అంటే 1° 2θ (ఎక్స్‌రే తన దారి నుంచి పక్కకు తిరిగిన కోణం) కాబట్టి ఇది చాలు. ఇంకా పెంచితే ఫిల్ము గరుకుతనమే పెద్దదై కనబడుతుంది.

తర్వాత ఉచితంగా దొరికే ఇమేజ్‌జె (ImageJ) సాఫ్ట్‌వేర్‌లో పట్టీ మధ్యగా ఒక గీత గీసి, దాని మందం కాస్త పెంచి, ప్లాట్ ప్రొఫైల్ (గీత పొడవునా పిక్సెల్ విలువలు ఎలా మారాయో చూపే గ్రాఫు) తీయండి. మరీ వెడల్పు చేస్తే వంపు తిరిగిన రేఖలు అలుక్కుపోతాయి. ఖాళీ గాజు విలువను ప్రతి పిక్సెల్ విలువతో భాగించి లాగ్ తీస్తే నలుపు సాంద్రత వస్తుంది. మరీ నల్లటి రేఖల దగ్గర స్థానాన్ని నమ్మండి, తీవ్రతను నమ్మకండి.

కోణాలకు స్కేలు ఒక్కటే చాలదు, ఫిల్ము కడిగాక కుంచించుకుపోతుంది. స్ట్రౌమానిస్ పద్ధతిలో పెట్టిన ఫిల్ములో ఎక్స్‌రే లోపలికి వచ్చే చోట, బయటికి పోయే చోట రెండు రంధ్రాలుంటాయి. ఒక్కో రంధ్రానికి అటూ ఇటూ ఉన్న జంట రేఖల మధ్యబిందువు పట్టుకుంటే, ఆ రెండు బిందువుల మధ్య దూరం సరిగ్గా 180°. కుంచింపు లెక్క అందులోనే సరిపోతుంది.

కవరునూ స్కాన్ చేయండి. ఎక్స్‌రే గొట్టంలోని టార్గెట్ లోహం రాగో కోబాల్టో తెలియకపోతే ఇంత చేసీ డీ విలువలు (స్ఫటికంలో అణువుల పొరల మధ్య దూరాలు) రావు.