గెట్‌తో గొడవా? ఎక్కడ తేడా కొడుతోందో చూద్దాం

ఇంగ్లీషులో మనం రోజూ వాడేదీ, రోజూ తప్పేదీ ఈ గెట్ అనే బుల్లి క్రియే. మన 'కొట్టు' లాంటిది ఇది, కొబ్బరికాయా కొడతాం, చప్పట్లూ కొడతాం, టైర్లో గాలీ కొట్టిస్తాం, అన్నిటికీ ఒకటే మాట. అందుకని అర్థాలన్నీ బట్టీ కొట్టకండి, ఇబ్బంది వచ్చిన చోట రిపేరు చేసుకుంటే చాలు.

సమస్య: "ఐ కట్ మై హెయిర్" అన్నారు, అవతలివాళ్ళు "నువ్వే కత్తిరించుకున్నావా, భలే కుదిరిందే" అన్నారు.

కారణం: మనం "జుట్టు కత్తిరించుకున్నా" అంటే సెలూన్‌కి వెళ్ళాడని ఎవరికైనా తెలుస్తుంది. ఇంగ్లీషులో అలా అనేవాళ్ళు ఉన్నారు గానీ, చాలామందికి కత్తెర మీ చేతిలోనే ఉన్నట్టు వినపడుతుంది. నేనైతే ఉద్యోగంలో చేరిన కొత్తలో "ఐ రిపేర్డ్ మై బైక్ ఆన్ సండే" అనేశా, మా టీమ్‌లో బైకుల పిచ్చి ఉన్న ఒకాయన పావుగంట సేపు కార్బురేటర్ గురించి అడుగుతూనే ఉన్నాడు, నాకేమో స్పార్క్ ప్లగ్ ఎక్కడుంటుందో కూడా తెలీదు.

పరిష్కారం: చేయించా, కుట్టించా, కడిగించా అంటాం కదా, ఆ '-ఇంచు' పని ఇంగ్లీషులో గెట్ చేస్తుంది. గెట్, తర్వాత వస్తువు, తర్వాత వెర్బ్ మూడో రూపం. "ఐ గాట్ మై బైక్ రిపేర్డ్." "షీ గాట్ ఎ బ్లౌజ్ స్టిచ్డ్." మనిషి చేత చేయిస్తే మాత్రం మధ్యలో 'టు' పెట్టాల్సిందే, "ఐ గాట్ హిమ్ టు సైన్". ఇందులో బతిమాలో, నచ్చజెప్పో ఒప్పించిన వాసన ఉంటుంది. "ఐ మేడ్ హిమ్ సైన్" అంటే మెడ మీద కత్తి పెట్టినట్టే, దానికి 'టు' అక్కర్లేదు.

సమస్య: "ఐ విల్ గెట్ డౌన్ హియర్" అంటే అమెరికాలో బస్సు డ్రైవర్ వింతగా చూశాడు.

కారణం మన 'దిగు'. దిగడం అంటే కిందికే కదా అని డౌన్ తగిలించాం, ఇండియా మొత్తం అలాగే అంటుంది, ఇక్కడ నడిచిపోతుంది. అక్కడ పోలీసులు "గెట్ డౌన్" అని అరిస్తే వంగమనో, నేల మీద పడుకోమనో అర్థం. బస్సు, రైలు, విమానం, బైక్ అయితే గెట్ ఆన్, గెట్ ఆఫ్. కారు, ట్యాక్సీ, ఆటో అయితే గెట్ ఇన్, గెట్ అవుట్. లోపల నిలబడి నడవగలిగితే ఆన్-ఆఫ్, వంగి దూరి కూర్చోవాలంటే ఇన్-అవుట్ అని గుర్తుపెట్టుకోండి, బైకుకి ఈ లెక్క కుదరదు, దానికి ఊరికే ఆన్-ఆఫ్.

"గాట్ మ్యారీడ్ విత్" కూడా ఈ బాపతే, మన '-తో పెళ్ళి' అందులో దూరింది. విత్ తీసేసి టు పెట్టండి, అయిపోయింది.

సమస్య: అమెరికా మేనేజర్ "గాటెన్" అన్నాడు, మన స్కూల్లో అది తప్పన్నారు.

తప్పేం కాదు, గెట్ మూడో రూపం 'గాట్'కి ఇది పాత రూపం. బ్రిటన్‌లో దాదాపు వదిలేశారు, ఫర్గాటెన్‌లో మిగిలింది, అమెరికా వాళ్ళు అట్టిపెట్టుకున్నారు. అక్కడ "ఐ హావ్ గాటెన్ ఎ టికెట్" అంటే సంపాదించా, "ఐ హావ్ గాట్ ఎ టికెట్" అంటే నా దగ్గరుంది. 'ఉంది' అనే అర్థంలో గాటెన్ వాడితే అమెరికాలో కూడా తప్పే.

చివరిది, "డిడ్ యూ గెట్ ఇట్". అందిందా అనా, అర్థమైందా అనా? ఈ గజిబిజి మాట పుట్టుకలోనే ఉంది. 9వ శతాబ్దంలో ఇంగ్లండ్ ఉత్తర, తూర్పు భాగాల్లో స్థిరపడ్డ వైకింగుల (స్కాండినేవియా నుంచి వచ్చినవాళ్ళు) పాత నార్స్ భాషలో 'గెటా' అంటే పొందడం, అదే గెట్ అయింది. అంతకుముందు ఇంగ్లీషులో ఈ ధాతువు ఒంటరిగా కాక బిగెట్, ఫర్గెట్ లాంటి మాటల్లోనే ఉండేది, అదీ 'గ' కాకుండా 'య' లాంటి శబ్దంతో. ఇంకా వెనక్కి పోతే దీని అసలు అర్థం చేత్తో పట్టుకోవడం, లాటిన్ నుంచి వచ్చిన కాంప్రహెండ్ (అర్థం చేసుకోవడం) దీనికి దూరపు చుట్టం. పట్టుకోవడం కాస్తా అర్థం చేసుకోవడం అయింది, మన 'గ్రహించు' కథ కూడా అచ్చం ఇదే. అందుకే మాట్లాడేటప్పుడు సందర్భం కాపాడుతుంది గానీ మెయిల్‌లో ఆ వాక్యం ఒక్కటే రాస్తే అవతలివాళ్ళు తల గోక్కుంటారు, అడిగేది ఫైల్ గురించైతే గెట్ తీసేసి రిసీవ్ అని రాసెయ్యండి.