లాగ్ అంతా తెరవకండి, ఫీల్డ్ పట్టుకోండి

బరంపురం, పర్లాకిమిడి, రాయగడల్లో ఇంటి నుంచే సర్వర్లు చూసుకునే మనవాళ్లకి ఒక మాట. ఎక్కడో తేడా వచ్చిందని అప్లికేషన్ మొత్తానికి డీబగ్ లెవెల్ (ప్రతి చిన్న పనినీ లాగ్‌లో, అంటే ప్రోగ్రామ్ రాసుకునే చిట్టాలో, నమోదు చేసే స్థాయి) ఆన్ చేయకండి. ఆ వరదలో అసలు విషయం కొట్టుకుపోతుంది. అన్నింటికీ హెచ్చరికలు, ఎర్రర్లు మాత్రమే రాసే వార్నింగ్ లెవెల్ ఉంచి, ప్రోగ్రామ్‌లో అనుమానం ఉన్న మాడ్యూల్‌కే (భాగానికే) డీబగ్ ఇవ్వండి. రస్ట్ భాషలో లాగ్‌ల కోసం ట్రేసింగ్ లైబ్రరీ వాడేవాళ్లకి ఇంకా సుఖం. ఫలానా స్పాన్‌లో (ఒక పని మొదలై ముగిసేదాకా ఉండే భాగం), ఫలానా ఫీల్డ్‌కి (పేరు పెట్టి విడిగా రాసిన సమాచారం) ఫలానా విలువ ఉంటేనే డీబగ్ రావాలని ఎన్వ్ ఫిల్టర్‌కి, అంటే ఏ లాగ్‌లు రావాలో వడకట్టే దానికి, చెప్పొచ్చు. గుణుపూర్ కొట్టు బిల్లులో తేడా వస్తే ఆ షాప్ ఐడీ వరకే చూస్తే సరిపోతుంది.

కానీ ఇదంతా కుదరాలంటే షాప్ ఐడీని మెసేజ్ వాక్యంలో కలిపేయకుండా విడి ఫీల్డ్‌గా రాయాలి. చాలామంది దీన్నే వదిలేస్తారు, దయచేసి వదలకండి! ట్రేస్ ఐడీ (ఒక రిక్వెస్ట్ ప్రయాణం మొత్తానికి, అంటే ట్రేస్‌కి, ఇచ్చే గుర్తింపు సంఖ్య) కూడా ప్రతి లైన్‌లో ఉండాలి. 32 హెక్స్ అక్షరాలే (0-9, a-f) కదా, ఒక రిక్వెస్ట్ ఏ సర్వీసుల్లో తిరిగిందో ఒక్కసారి వెతికితే దొరుకుతుంది.

ట్రేస్‌లు మరీ ఎక్కువైతే వాటిని పోగుచేసి పంపే ఓపెన్‌టెలిమెట్రీ కలెక్టర్‌లో టెయిల్ శాంప్లింగ్ (ఏ ట్రేస్ ఉంచాలో చివర్లో ఎంచుకోవడం) పెట్టండి. ట్రేస్‌లోని స్పాన్‌లు చేరడానికి కొంతసేపు ఆగి నిర్ణయిస్తుంది కాబట్టి ఎర్రర్ వచ్చినవీ, ఆలస్యమైనవీ ఉంచుకోవచ్చు. అప్పటిదాకా అన్నీ దాచిపెట్టాలి కాబట్టి మెమరీ మాత్రం కాస్త ఎక్కువే ఇవ్వాలి.